మావయ్య కుడికాలి సిర

నవంబర్ 2, ఆదివారం

తెల్లవారి లేచి చూస్తే మావయ్య ఎడమకాలు మళ్ళీ మంచం మీంచి కిందికి వేలాడుతోంది. అలా దించితే రక్తం కాస్త పాదానికి జారి నొప్పి తగ్గుతుంది. కిటికీ బయట మంచు. ఆ వెలుతురులో పాదం ఈ ఇంటిది కానట్టు, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా ఉంది.

"నిద్రపోలేదా మావయ్యా?"

"నేను పోయాను తల్లీ. కాలే మేలుకునుంది."

బొటనవేలి మీద పుండు నెలన్నరగా మానట్లేదు. చెప్పు కరిచిందన్నారు, నమ్మాను. ఇవాళ చూస్తే అంచులు నల్లబడ్డాయి. రోజుకు పాతిక మంది కాళ్ళలో రక్తనాళాలు స్కానింగ్ తీసే మనిషిని. ఇంట్లో కాలు కనిపించలేదు.

రేపు మా ఆసుపత్రికే తీసుకెళ్తున్నాను.

నవంబర్ 3, సోమవారం

అడ్మిషన్ కౌంటర్లో అమ్మాయి కొత్తది. "మీరు ఆయనకేమవుతారు?" అంది. కోడల్ని అన్నాను. "మరి వాళ్ళబ్బాయి?" అంది. ఉన్నాడు, వేరే ఇంట్లో, అన్నాను. తలెత్తి నన్నోసారి చూసి టైపు చేసుకుంది. ఆరేళ్ళ క్రితం కొడుకు నన్ను వదిలి వెళ్ళిపోతే తండ్రి నా దగ్గరే ఉండిపోయారని ఆ చిన్న గడిలో ఎలా టైపు చేస్తుంది? ఎందుకు ఉండిపోయారని ఈయన్ని నేనూ అడగలేదు. అడిగితే వెళ్ళిపోతారేమోనని భయం.

సర్జన్ మేడం ఫిల్ము లైటు మీద పెట్టి చూపించారు. ఎడమ తొడ మధ్య నుంచి పిక్క దాకా ధమని మూసుకుపోయింది. చీలమండ దగ్గర మళ్ళీ సన్నగా తెరుచుకుంది.

"ఏం పని చేసేవారు మీరు?" అని అడిగారు.

"బస్సు డ్రైవర్నమ్మా. ముప్పై నాలుగేళ్ళు."

"అయితే మీకు చెప్పడం తేలిక. రోడ్డు మధ్యలో కూలిపోయింది. అవతల ఊరు ఇంకా ఉంది. పక్కనించి బైపాస్ వెయ్యాలి."

"మరి రోడ్డుకి సరుకు ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"మీ ఒంట్లోంచే."

తొమ్మిదేళ్ళ కిందట గుండె ఆపరేషన్‌కి ఎడమకాలి సిర తీసేశారు. ఇక మిగిలింది కుడికాలిది. సొంత సిర అయితే ఏళ్ళ తరబడి నిలుస్తుందన్నారు మేడం. అది లేకపోతే ప్లాస్టిక్ గొట్టం ఉంది, కానీ మోకాలు దాటి అంత కిందికి వేస్తే తొందరగా మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. "మూసుకుపోతే మాత్రం..." అని పాదం వైపు చూసి ఆపేశారు.

"రేపు కుడికాలి సిర కొలిచెయ్యండి. ఎంత లావు, ఎంత పొడుగు. మా మిల్లీమీటరమ్మ కంటే సరిగ్గా ఎవరు కొలుస్తారు?" అన్నారు నన్ను చూసి.

డిపార్ట్‌మెంట్‌లో నా పేరు అదే. పదకొండేళ్ళలో నా కొలత తప్పిందని ఎవరూ అనలేదు.

నవంబర్ 4, మంగళవారం

కుడికాలి సిర సన్నగా ఉంది. తొడ దగ్గర రెండు మిల్లీమీటర్లు, పిక్క దగ్గర ఒకటి పాయింట్ ఏడు. పనికిరాదని రాశాను. చేతులు కూడా చూశాను. సూదులు గుచ్చీ గుచ్చీ గట్టిపడిపోయాయి.

నా చేతిలో ఏముంది? ఉన్నదే కదా రాయాలి. మనవాళ్ళని ఎక్కువ రాస్తామా?

వాళ్ళబ్బాయి వచ్చాడు.

గదిలో చలి. ఏసీ ఎవరో పద్దెనిమిదిలో పెట్టి వెళ్ళారు.

నవంబర్ 5, బుధవారం

తెల్లవారుజామున కల. పొడుగాటి వసారా. గోడలు మెత్తగా, లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. కొంచెం కొంచెం దూరానికి జంట తలుపులు. నేను తాకకముందే తెరుచుకుంటాయి, దాటగానే వెనక మెల్లిగా మూసుకుంటాయి. సిరలో కవాటాలు అలాగే ఉంటాయి, రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి. నేను సిరలో నడుస్తున్నానని కలలోనే తెలిసింది. పోనుపోనూ వసారా ఇరుకైంది. భుజాలు గోడలకు రాసుకున్నాయి. గోడలు చల్లగా ఉన్నాయి. వణుకుతున్నాయి. "ఎవరు?" అన్నాను. "మేము సన్నవాళ్ళం కాదు" అన్నాయి గోడలు, చిన్నపిల్లలు అలిగినప్పటి గొంతుతో.

లేచేసరికి దుప్పటి కింద పడుంది. చలి వేసినట్టుంది, అంతే.

నవంబర్ 6, గురువారం

సర్జన్ మేడం నా రిపోర్టు రెండుసార్లు చదివారు. తర్వాత "సరే, ప్లాస్టిక్కే వేద్దాం" అన్నారు. ఆపరేషన్ వచ్చే గురువారం. వాళ్ళబ్బాయిని పిలిచి చెప్పారు. అతను తలూపాడు. "త్వరగా అయిపోతుంది కదండీ?" అని అడిగాడు. మునుపటి కంటే సన్నబడ్డాడు. చొక్కా కాలరు అరిగింది. ఇవన్నీ ఎందుకు చూశానో.

మావయ్యని అడిగారు మేడం, మీకేమైనా సందేహాలున్నాయా అని.

"ప్లాస్టిక్కంటే మా ఇంట్లో బకెట్టు కూడా రెండేళ్ళు నిలవలేదమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా డిపార్ట్‌మెంట్ పెద్దక్క మాత్రం నవ్వలేదు. నాకు పని నేర్పింది ఆవిడే, ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. కాంటీన్లో టీ ఊదుకుంటూ, "డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళకు పైగా బ్రేకు తొక్కిన కుడికాలు. అందులో సిర అంత సన్నగా ఉందా?" అంది.

"ఉంటే ఉంది, నేనేం చెయ్యను!" అన్నాను. కప్పు గట్టిగా పెట్టాను కాబోలు, టీ సాసరులోకి పొర్లింది.

నవంబర్ 7, శుక్రవారం

ఏసీ పద్దెనిమిదిలో ఉంది.

నవంబర్ 8, శనివారం

మధ్యాహ్నం వార్డులో మావయ్య పక్కన కుర్చీలో కునుకు పట్టింది. కర్టెను గాలికి ఉబ్బి, మళ్ళీ కుంగిపోతోంది. ఉబ్బినప్పుడు గదంతా వెలుగు, కుంగినప్పుడు నీడ. నిద్రో మెలకువో తెలియని చోట ఆ మంగళవారం మళ్ళీ జరిగింది. ఈసారి నెమ్మదిగా, నీళ్ళ అడుగున జరిగినట్టు. ప్రతి పనీ కనబడింది.

మావయ్యని బల్ల మీద పడుకోబెట్టాను. తెల్లవారినుంచి ఆయన నీళ్ళు కూడా తాగలేదు. ఇంకేదో పరీక్ష కోసం పస్తు ఉంచారు. పైన దుప్పటి కప్పలేదు. జెల్ వెచ్చబెట్టలేదు. కాలు మీద వేస్తే ఆయన ఉలిక్కిపడ్డారు. అప్పుడు తలుపు అద్దంలోంచి వసారాలో వాళ్ళబ్బాయి కనబడ్డాడు. ఆరేళ్ళ తర్వాత. బెంచీ మీద కూర్చుని, నేను కొన్న గడియారమే పెట్టుకుని, తలుపు వైపే చూస్తున్నాడు. తొందరగా అయిపోతే వెనక తలుపులోంచి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

తెర మీద సిర అంటే ఒక నల్లటి గుండ్రం. కాలి మీద ఆనించే ప్రోబ్‌తో నొక్కితే కన్ను మూసినట్టు మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. ఆ రోజు ఆ కన్ను సగమే తెరుచుకుంది. నాకు తెలుసు, చలికి సిరలు ముడుచుకుంటాయి. పడుకున్న మనిషిలో, దాహంగా ఉన్న మనిషిలో ఇంకా సన్నబడతాయి. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ నేనే చెప్తాను. వెచ్చబెట్టండి, కాలు దించండి, తొడకు పట్టీ కట్టండి, పది నిమిషాలు ఆగండి. నేను నాలుగు నిమిషాలు కూడా ఆగలేదు. చేతులు చూశానని రాశాను. మోచేయి కిందనే చూశాను. మోచేతి పైన లోపలివైపు లోతుగా ఉండే సిరను సూదులు పాడుచేయవు. దాన్ని అసలు చూడలేదు.

రాశాను. ఇప్పుడు ఇది కాగితం మీద ఉంది.

నవంబర్ 9, ఆదివారం

చెప్పాలి.

ఒకవేళ మళ్ళీ కొలిచినా సన్నగానే ఉంటే? అప్పుడు అనవసరంగా పరువు పోగొట్టుకోవడమే కదా. నిజంగానే సన్నగా ఉండొచ్చు. ఉండొచ్చు.

మావయ్యకి గడ్డం గీశాను. "నీకేదో ఒంట్లో బాగున్నట్టు లేదు" అన్నారు నురుగులోంచి. నిద్ర చాలట్లేదన్నాను.

"కాలు నాది, నిద్ర నీకు పోయిందా?" అన్నారు.

ఆదివారం మేడం రారు కదా. రేపు చెప్తాను.

నవంబర్ 10, సోమవారం

చెప్పాను.

మేడం గది బయట ఇరవై నిమిషాలు నిలబడ్డాను. లోపలికెళ్ళి, "మేడం, నా రిపోర్టు తప్పు" అన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టారు.

"సిర ఉందా?"

"తెలీదు. నేను సరిగ్గా చూడలేదు. చలిలో, పడుకోబెట్టి, పస్తులో ఉన్నప్పుడు కొలిచాను. పది నిమిషాలు ఆగలేదు. పై చెయ్యి చూడలేదు."

"ఎందుకు?"

ఆ ఒక్క మాటకి నేను ఆరు జవాబులు తయారు చేసుకుని వెళ్ళాను. మిషను, ఏసీ, లిస్టు పెద్దది, అవన్నీ. "బయట ఒక మనిషి ఉన్నాడు. అతనికి కనబడకుండా వెళ్ళిపోవాలనుకున్నాను" అన్నాను.

ఆవిడ నా రిపోర్టు బయటికి తీసి బల్ల మీద పెట్టారు. తిడితే బాగుండుననిపించింది.

"ఇంకా మూడు రోజులుంది. మళ్ళీ చూడండి, కానీ ప్రోబ్ పెద్దక్క పట్టుకుంటుంది. మీరు పక్కన ఉండండి. మీరు ఇంట్లోవాళ్ళు, అసలు మీతో చేయించకూడదు. ఆ తప్పు నాది" అన్నారు. మళ్ళీ, "పాత రిపోర్టు తప్పని మీ చేత్తోనే రాసి సంతకం పెట్టండి" అన్నారు. పెట్టాను.

మధ్యాహ్నం ఏసీ ఆపేశాం. మావయ్య రెండు గ్లాసుల నీళ్ళు, ఒక టీ తాగారు. రెండు దుప్పట్లు కప్పాం. గదిలో ఆవిరి పట్టిన కిటికీ, ఊలు వాసన, మిషను సన్నటి గొంతుతో మూలుగు. ఏదో చిన్న ఓడలో ముగ్గురం ఎటో పోతున్నట్టుంది. మావయ్యని బల్ల అంచున కూర్చోబెట్టి కుడికాలు కిందికి దించాం. నేను తొడకి పట్టీ కట్టాను. పది నిమిషాలు.

పెద్దక్క ప్రోబ్ పెట్టింది.

ముందు ఏమీ లేదు. బూడిదరంగు పొగ. తర్వాత ఆ పొగలోంచి నల్లటి గుండ్రం పైకొచ్చింది. నిద్రలేచిన కన్నులా, మెల్లిగా, పూర్తిగా తెరుచుకుంది. పెద్దక్క నొక్కింది. మూసుకుంది. వదిలింది. ఇంకా పెద్దగా తెరుచుకుంది.

"చదువు" అంది పెద్దక్క.

"తొడ దగ్గర మూడు పాయింట్ రెండు" అన్నాను. "పిక్క దగ్గర రెండు పాయింట్ ఆరు."

మోకాలి దగ్గర నాలుగు వేళ్ళంత మేర మాత్రం గోడ మందంగా, గట్టిగా ఉంది, పనికిరాదు. అక్కడ కోసేసి తీసెయ్యాలి. ఎడమ పై చేతిలో లోపలి సిర మూడున్నర ఉంది. ఆ లోటుకి ఆ ముక్క సరిపోతుంది. పెద్దక్క పెన్నుతో కాలి మీద సిర పోయే దారంతా గీసింది. చేతి మీద ఇంకో గీత.

"ఏంటమ్మా ఇది, నా ఒళ్ళంతా రూటు మ్యాపు చేశారు" అన్నారు మావయ్య. "ఇంతకీ నరం దొరికిందా?"

"నరం కాదు మావయ్యా, సిర."

"ఏదో ఒకటి. దొరికిందా లేదా?"

తలూపాను.

ఎడమచేతి మీద పెద్ద అక్షరాలతో 'ఈ చేతికి సూది వద్దు' అని రాసి చుట్టూ గీత గీశాను. నర్సులు మర్చిపోతారు. మావయ్య దాన్ని కూడబలుక్కుని చదివి, "నో పార్కింగ్" అన్నారు.

నవంబర్ 11, మంగళవారం

ప్లాను మారిందని వాళ్ళబ్బాయికి ఎవరో ఒకరు చెప్పాలి. మేడం చెప్తానన్నారు. నేనే చెప్తానన్నాను.

కింద సైకిల్ స్టాండు పక్కన నిలబడ్డాం. చినుకులు పడుతున్నాయి, తడిసేంత కాదు. అతను గొడుగు తెచ్చాడు కానీ తెరవలేదు. తెరిస్తే ఇద్దరం దాని కిందకి రావాలని కాబోలు.

"ప్లాస్టిక్ కాదు, సొంత సిరే వేస్తారు. ముందు రిపోర్టు తప్పు. నేనే తప్పు చేశాను" అన్నాను.

"నువ్వా?" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వు కూడా తప్పు చేస్తావా?"

అందులో ఎగతాళి లేదు. అదే గుచ్చుకుంది. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఉప్పు ఎక్కువైందంటే చెంచాతో కొలిచి చూపించేదాన్ని. ఆలస్యమయ్యావంటే గడియారం చూపించేదాన్ని. ఎప్పుడూ నాదే రైటు. ఆ ఇంట్లో తప్పులన్నీ అతని వంతుకే వచ్చాయి. అతను చేసింది చిన్న తప్పు కాదు, అది మాఫీ చెయ్యట్లేదు. కానీ ఇదీ రాసుకోవాలి.

"చేస్తాను" అన్నాను.

"నాన్నకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"నాన్న నీ దగ్గరే ఎందుకుండిపోయారో తెలుసా?" అన్నాడు. భయమేసింది. వద్దందామనుకునే లోపే చెప్పేశాడు. "రమ్మని నేను మూడుసార్లు పిలిచాను. ఆ పిల్ల పొద్దున్నే లేచి ఎవరికి టీ పెడుతుందిరా, అన్నారు."

గొడుగు నా చేతిలో పెట్టి వానలో నడుచుకుంటూ పోయాడు. పిలుద్దామనుకున్నాను. ఏమని పిలవాలో తోచలేదు. ఆరేళ్ళయింది, ఆ పిలుపు వాడి.

నవంబర్ 12, బుధవారం

సాయంత్రం మావయ్యకి చెప్పాను. మంచం అంచున కూర్చుని, ఆయన చేతి మీద మసకబడుతున్న అక్షరాలు మళ్ళీ దిద్దుతూ చెప్పాను. మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

"తెలుసు" అన్నారు.

పెన్ను ఆగిపోయింది.

"ఆ రోజు నీ చెయ్యి వణికింది. నా కాలు మీదే కదమ్మా పెట్టావు. వాడు బయట కూర్చున్నాడని కూడా తెలుసు, రమ్మని కబురుపెట్టింది నేనే."

"మరి చెప్పలేదే! మీ కాలు పోయేది మావయ్యా! ఆగమ్మా, సరిగ్గా చూడు అని ఒక్క మాటంటే..."

"డ్రైవరు బండి తోలుతుంటే పక్కన కూర్చుని చెప్పకూడదు."

కోపమొచ్చింది. ఏడుపొచ్చింది. "ఇదేం బస్సా?" అన్నాను. వార్డులో వాళ్ళంతా తిరిగి చూశారు.

ఆయన కిటికీ వైపు తిరిగారు. "కాదులే. నాకూ భయమేసింది. నువ్వు సరిగ్గా చూసినా లేదనే చెప్తావేమోనని. సరిగ్గా చూడలేదంటే ఇంకా కాస్త ఆశ మిగిలుంటుంది కదా" అన్నారు.

అలాంటి లెక్క మనిషి ఎలా వేస్తాడో. నేనూ ఆదివారం అచ్చం అలాంటిదే వేశానని గుర్తొచ్చి, అక్షరాలు దిద్దడం పూర్తిచేశాను.

మేడం వచ్చి రేపటి సంగతి చెప్పారు. సిరలో కవాటాలుంటాయి కాబట్టి తలకిందులుగా తిప్పి కుడతారట. డెబ్బై ఏళ్ళు రక్తాన్ని పైకి మోసిన గొట్టం రేపటినుంచి కిందికి మొయ్యాలి.

"అంటే రివర్సు గేరు" అన్నారు మావయ్య. "రేపు జాగ్రత్తగా తోలమ్మా, వెనక చూసుకుని."

నవంబర్ 13, గురువారం

ఎనిమిదికి లోపలికి తీసుకెళ్ళారు. మూడున్నరకి బయటకొచ్చారు.

ఏడున్నర గంటలు. వాళ్ళబ్బాయి ఆ చివర బెంచీ మీద, నేను ఈ చివర. మధ్యలో ఎవరెవరో కూర్చున్నారు, లేచారు. పదకొండింటికి నేను రెండు టీలు తెచ్చాను. తీసుకున్నాడు. అంతే. నిద్రపట్టిందో లేదో, వసారా గోడలు మళ్ళీ ఎర్రబడ్డాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి, ఈసారి అటునించి ఇటు. ఎవరో భుజం తట్టారు. సర్జన్ మేడం. టోపీ తీసేశారు, నుదుటి మీద దాని గీత ఉంది.

"బొటనవేలు దక్కలేదు. కాలు దక్కింది. సిర బాగుంది. చేతి ముక్క మోకాలి దగ్గర చక్కగా అతికింది."

ఐదింటికి నన్ను లోపలికి పంపారు. మావయ్య మత్తులో ఉన్నారు. రెండు కాళ్ళకీ, చేతికీ కట్లు. ఎడమ పాదం మాత్రం బయట ఉంది. కిటికీలోంచి సాయంకాలపు పసుపు వెలుతురు సరిగ్గా దాని మీదే పడింది. తాకాను. వెచ్చగా ఉంది. ఎండలో ఉంచిన రాయిలా కాదు, లోపల్నించి వెచ్చగా.

చీలమండ వెనక వేలు పెట్టాను. మిషను లేదు, తెర లేదు. ఏదో కొట్టుకుంటోంది. కానీ అది ఆయనదో, నా వేలి కొసలో నాదో తెలియలేదు. గట్టిగా ఆశపడుతున్నప్పుడు మన నాడే మనకి వినబడుతుంది. పనిలో చేరిన కొత్తలో పెద్దక్క దీని మీదే హెచ్చరించింది. మనసు ఎలా కోరితే వేలు అలా చెబుతుందంది.

అందుకని ఇంకో చేతి వేళ్ళు నా మెడ మీద పెట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో ఆయన్ని విన్నాను. ముందు రెండూ కలిసిపోయి, ఎక్కడో దూరంగా ఇద్దరు నడుస్తున్నట్టుంది. తర్వాత ఒకరు వెనకబడ్డారు. నాది గబగబా కొట్టుకుంటోంది. ఇంకోటి నిదానంగా, తొందరేమీ లేనట్టు. గడియారం పెట్టుకుని ఒక నిమిషం నిండా లెక్కపెట్టాను. తర్వాత ఇంకో నిమిషం.

నాది తొంభై ఎనిమిది. అక్కడ డెబ్బై రెండు.

నాది కాదు.

నవంబర్ 21, శుక్రవారం

ఇంటికొచ్చాం. కుట్లు దురద పెడుతున్నాయని ఒకటే గోల. వాళ్ళబ్బాయి మెట్లు ఎక్కించి, గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మావయ్య లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనలేదు, నా వైపు చూశారు. "చెప్పులక్కడ విప్పు" అన్నాను. పావుగంట కూర్చుని వెళ్ళాడు. గొడుగు ఇచ్చేశాను.

డిసెంబర్ 6, శనివారం

ఇవాళ ఎక్కువ రాయను. మావయ్య వాకరు లేకుండా హాల్లో నడుస్తున్నారు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా పడుతోంది. తలుపు దాకా వెళ్ళి తిరిగొస్తున్నారు.

"అమ్మాయ్, ఎన్ని రౌండ్లయ్యాయి?" అంటున్నారు.

లెక్కపెట్టలేదు. పెన్ను పెట్టేసి వెళ్ళి చూడాలి.